రాబోయే వర్క్‌స్టేషన్ ఎంతకొస్తుంది? పుకార్లని లెక్క కట్టే పద్ధతి

"ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మనకో సామెత ఉంది. కొత్త కంప్యూటర్ల గురించి వచ్చే పుకార్లకి ఈ సామెత అతికినట్టు సరిపోతుంది. యంత్రం ఇంకా పుట్టనే లేదు. అప్పుడే దానికి ఎన్ని కోర్లు, ఎన్ని గిగాబైట్ల మెమరీ, ధర ఎన్ని వేల డాలర్లు అన్నీ తేలిపోయి ఉంటాయి.

అలాగని ఈ పుకార్లని పూర్తిగా కొట్టి పారెయ్యడానికీ లేదు. మామూలు లాప్‌టాప్ అయితే చూసి నచ్చితే కొనేస్తాం. వర్క్‌స్టేషన్ అలా కాదు. అది యాభై వేల డాలర్ల దాకా పోగల వస్తువు. వీడియో ఎడిటింగ్ చేసి బతికేవారు, చిన్న డిజైన్ కంపెనీ నడిపేవారు, ఇంట్లోనే మెషీన్ లెర్నింగ్ పని చేసుకునేవారు "ఇప్పుడున్నది కొనాలా, కొత్తది వచ్చేదాకా ఆగాలా?" అన్నది చాలాసార్లు ఈ పుకార్లని చూసే తేల్చుకుంటారు. తప్పుగా లెక్క కడితే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది.

మరి పుకారులో ఏ భాగాన్ని నమ్మొచ్చు? ఏ భాగాన్ని నమ్మకూడదు? దీనికి యాపిల్ కంపెనీ వర్క్‌స్టేషన్లని ఉదాహరణగా తీసుకుందాం. కారణం ఒకటే. యాపిల్ ఆఖరి రోజు దాకా గుట్టు విప్పదు కనుక వాళ్ల యంత్రాల మీద పుకార్లు ఎక్కువ. 2003 నుంచి వచ్చిన యంత్రాల అసలు వివరాలూ, ధరలూ ఇప్పుడు మన ముందు ఉన్నాయి కనుక ఆ పుకార్లకి మార్కులు వెయ్యడం తేలిక.

1. వర్క్‌స్టేషన్ అంటే ఏమిటి?

ముందుగా రెండు మాటలు. వర్క్‌స్టేషన్ కూడా కంప్యూటరే. కాని దాన్ని రోజుల తరబడి పూర్తి భారంతో పని చేయించడానికి కడతారు. మామూలు పీసీకీ దీనికీ ముఖ్యమైన తేడాలు మూడు. ఒకటి, ప్రోసెసర్‌లో కోర్లు ఎక్కువ. రెండు, మెమరీ ఎక్కువ, పైగా చాలా వర్క్‌స్టేషన్లలో అది తన తప్పుల్ని తనే దిద్దుకునే రకం మెమరీ (దీన్నే ఈసీసీ మెమరీ అంటారు). మూడు, గ్రాఫిక్స్ కార్డుల వంటివి తగిలించడానికి కావలసిన చోటూ, కరెంటూ, చల్లబరిచే ఏర్పాటూ.

ఈ మూడింటికీ డబ్బు అవుతుంది. కనుక ధరని అంచనా వెయ్యాలంటే ఈ మూడింటినీ విడివిడిగా చూడాలి.

2. పుకార్లు ఎక్కడ పుడతాయి?

నిప్పు లేనిదే పొగ రాదు. కంప్యూటర్ కంపెనీ ఎంత గుట్టుగా ఉన్నా, దానికి చిప్పులు అమ్మే కంపెనీ అలా ఉండలేదు. ఆ చిప్పులు పది మందికీ అమ్మాలి కనుక ఏ చిప్పు ఎప్పుడొస్తుంది, ఎన్ని కోర్లు, వెయ్యి చిప్పులు ఒక్కసారి కొంటే ఒక్కొక్కటీ ఎంత అన్న పట్టికని బాహాటంగా ప్రకటిస్తుంది. పుకార్లలో నిజం ఎక్కువ పాలు ఇక్కడి నుంచే వస్తుంది.

2003 లో వచ్చిన పవర్ మ్యాక్ జీ5 కథ చూడండి. అందులో ఉన్న పవర్‌పీసీ 970 చిప్పుని ఐబీఎమ్ కంపెనీ 2002 అక్టోబరులోనే సాంకేతిక సభలో బయటపెట్టింది. కనుక "యాపిల్ కొత్త యంత్రంలో ఇదే ఉంటుంది" అని ఊహించడానికి జోస్యం రానక్కరలేదు. పైగా 2003 జూన్‌లో, విడుదలకి నాలుగు రోజుల ముందు, యాపిల్ సొంత ఆన్‌లైన్ దుకాణంలోనే పొరపాటున వివరాలు కనబడ్డాయి: 1.6, 1.8 గిగాహెర్ట్జ్ చిప్పులు, లేదా 2 గిగాహెర్ట్జ్ చిప్పులు రెండు, 8 గిగాబైట్ల దాకా మెమరీ. జూన్ 23న స్టీవ్ జాబ్స్ వేదిక ఎక్కి చెప్పినవి సరిగ్గా అవే. ధరలు 1,999 డాలర్ల నుంచి 2,999 డాలర్ల వరకూ.

అదే వేదిక మీద జాబ్స్ ఇంకో మాట కూడా అన్నాడు. ఏడాది తిరిగేసరికి ఈ చిప్పు 3 గిగాహెర్ట్జ్‌కి చేరుతుందని మాట ఇచ్చాడు. ఏడాది తిరిగింది. 2004 జూన్‌లో వచ్చినది 2.5 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగింది, అదీ లోపల ద్రవం ప్రవహించే ఏర్పాటుతో చల్లబరిస్తేనే. జీ5 చిప్పుతో 3 గిగాహెర్ట్జ్ మ్యాక్ ఎప్పటికీ రాలేదు. 2005 జూన్‌లో యాపిల్ ఇంటెల్ చిప్పులకి మారుతున్నట్టు ప్రకటించింది.

ఇక్కడ మనం నేర్చుకోవలసినది ఏమిటంటే, ఏ చిప్పు అన్న పుకారు సాధారణంగా నిజమవుతుంది. ఎంత వేగం, ఏ నెలలో అన్న విషయంలో యజమాని నోటి మాటకే దిక్కు లేదు. ఇక పుకారు మాట చెప్పాలా?

3. సగం నిజమైన పుకారు

2021 మే నెలలో బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థ ఒక కథనం రాసింది. యాపిల్ సొంత చిప్పులతో రాబోయే మ్యాక్ ప్రోలో 20 కోర్ల చిప్పు ఒకటీ, 40 కోర్ల చిప్పు ఒకటీ ఉంటాయనీ, గ్రాఫిక్స్ కోర్లు 64 గాని 128 గాని ఉంటాయనీ దాని సారాంశం. 2022 మార్చిలో ఎం1 అల్ట్రా అన్న చిప్పు వచ్చింది. సరిగ్గా 20 కోర్లు, 64 గ్రాఫిక్స్ కోర్లు! కాని అది వచ్చింది మ్యాక్ ప్రోలో కాదు, మ్యాక్ స్టూడియో అన్న కొత్త చిన్న పెట్టెలో.

మరి 40 కోర్ల చిప్పు ఏమయింది? ఎం1 అల్ట్రా అంటే రెండు ఎం1 మ్యాక్స్ చిప్పులని పక్కపక్కన అతికించినది. నాలుగు అతికిస్తే 40 కోర్లవుతాయి. కాగితం మీద ఇది రెండు రెళ్లు నాలుగు అన్నంత తేలిక. కార్ఖానాలో అలా కాదు. ఎక్కువ ముక్కలు కలిపినకొద్దీ వాటి మధ్య దారులు వెయ్యడం కష్టమవుతుంది, ఖర్చు పెరుగుతుంది, కొనేవారు తగ్గుతారు. దీని తరవాతి తరం చిప్పుని కూడా యాపిల్ మానుకుందనీ, అది వచ్చి ఉంటే ఆ యంత్రం ఖరీదు కనీసం 10,000 డాలర్లు ఉండేదనీ 2022 డిసెంబరులో అదే బ్లూమ్‌బర్గ్ రాసింది. 2023 జూన్‌లో వచ్చిన మ్యాక్ ప్రోలో ఎం2 అల్ట్రా చిప్పు మాత్రమే ఉంది.

అంటే ఆ పుకారు అబద్ధమని కాదు. ప్రయోగశాలలో ఉన్న ప్రతి వస్తువూ దుకాణానికి రాదు. ఖరీదు కుదరక దారిలోనే ఆగిపోయేవి ఉంటాయి. కనుక పుకారులో అన్నిటికంటె పెద్ద నమూనా గురించి విన్నప్పుడు "దీన్ని ఎంతమంది కొంటారు?" అన్న ప్రశ్న వేసుకోవాలి.

4. భాగాల ధర కలిపితే యంత్రం ధర వస్తుందా?

ఇక అసలు తిరకాసు ధరలో ఉంది. చాలామంది చిప్పు ధర ఇంత, మెమరీ ఇంత, డిస్కు ఇంత అని కూడి, దాని మీద కొంత లాభం వేసి "ఇదీ ధర" అంటారు. ఈ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో 2006 నాటి లెక్కతో చూద్దాం.

2006 ఆగస్టులో యాపిల్ మొదటి మ్యాక్ ప్రోని విడుదల చేసింది. మధ్య రకం ధర 2,499 డాలర్లు. అందులో 2.66 గిగాహెర్ట్జ్ ఇంటెల్ జియాన్ చిప్పులు రెండు, 1 గిగాబైట్ మెమరీ, 250 గిగాబైట్ల డిస్కు. ఇంటెల్ పట్టికలో ఆ చిప్పు ధర 690 డాలర్లు. రెండింటికి 1,380 డాలర్లు. అంటే పట్టిక ప్రకారమే యంత్రం ధరలో సగం పైగా ఆ రెండు చిప్పులకే పోయింది! భాగాలు కూడి లెక్క వేసినవారికి ఈ ధర చౌకగా కనబడి ఉంటుంది. నిజంగానే చౌక. అటువంటి డెల్ వర్క్‌స్టేషన్ కంటె సుమారు వెయ్యి డాలర్లు తక్కువని యాపిల్ వేదిక మీద చెప్పుకుంది కూడా.

ఇప్పుడు కిటుకు చూడండి. ఇదే యంత్రాన్ని 3 గిగాహెర్ట్జ్ చిప్పులతో కావాలంటే 800 డాలర్లు అదనం. ఇంటెల్ పట్టికలో 3 గిగాహెర్ట్జ్ చిప్పు 851 డాలర్లు. అంటే రెండు చిప్పులకి తేడా 322 డాలర్లే. కొనేవాడి దగ్గర తీసుకున్నది 800. పోనీ 2 గిగాహెర్ట్జ్ చిప్పులు చాలు అంటే? ఆ చిప్పు పట్టికలో 316 డాలర్లు. రెండింటికి కలిపి 748 డాలర్లు మిగలాలి. యాపిల్ తగ్గించినది 300.

మధ్య రకం ధర ఊరించడానికి. పైకి వెళ్లినా కిందకి దిగినా కంపెనీకే లాభం. కూడిక ఒక్కటే పట్టుకుని లెక్క కడితే ఈ మూడింటిలో ఏ ఒక్కటీ తేలదు. భాగాల కూడిక మనకి ఒక అడుగు హద్దు మాత్రమే చెబుతుంది. మామూలుగా ధర అంతకంటె దిగువకి రాదు. ఎంత పైకి పోతుందో మాత్రం ఆ కూడిక చెప్పదు.

5. పాత ధర చూసి మోసపోవడం

రెండో పద్ధతి ఇంకా ప్రమాదం. "పాత యంత్రం ఇంత, కనుక కొత్తది కూడా దాదాపు ఇంతే" అనుకోవడం.

2013 డిసెంబరులో నల్లటి స్తూపం ఆకారంలో వచ్చిన మ్యాక్ ప్రో 2,999 డాలర్లకి మొదలయింది. దాని ఆకారమే దాని కొంప ముంచింది. లోపల వేడి బయటికి పంపే ఏర్పాటు రెండు మధ్యస్థపు గ్రాఫిక్స్ కార్డులకి సరిపోయింది కాని, ఒక పెద్ద కార్డుకి సరిపోలేదు. 2017 ఏప్రిల్‌లో యాపిల్ పెద్దలు కొందరు విలేఖరులని పిలిచి ఈ సంగతి ఒప్పుకుని, కొత్త మ్యాక్ ప్రో తయారు చేస్తున్నామనీ, అది ఆ ఏడాది మాత్రం రాదనీ చెప్పారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, 2019 లో వస్తుందన్నారు. అది అమ్మకానికి వచ్చింది 2019 డిసెంబరులో. అంటే మొదటి మాటకీ దుకాణానికీ మధ్య 32 నెలలు.

ధర? మొదలే 5,999 డాలర్లు. పాతదానికి సరిగ్గా రెట్టింపు. అందులో 8 కోర్ల చిప్పు, 32 గిగాబైట్ల మెమరీ, 256 గిగాబైట్ల డిస్కు. పెట్టెకి చక్రాలు కావాలంటే 400 డాలర్లు అదనం. అన్నీ నిండుగా వేసుకుంటే 52,000 డాలర్లు దాటింది.

మూడు వేలు చేతిలో పెట్టుకుని 32 నెలలు ఆగినవారి పరిస్థితి ఊహించుకోండి. ఆగినంత కాలమూ పాత యంత్రం మీదే పని, చివరికి కొత్తది అందని ద్రాక్ష.

అయితే ఇది ముందుగా ఊహించలేనిదేమీ కాదు. 2017 డిసెంబరులో యాపిల్ ఐమ్యాక్ ప్రో అన్న యంత్రాన్ని 4,999 డాలర్లకి పెట్టింది. మ్యాక్ ప్రో దానికంటె పై మెట్టు మీద ఉండవలసినది. పై మెట్టు వస్తువు కింది మెట్టు కంటె చౌకగా రాదు కదా! కనుక కొత్త యంత్రం ధర కట్టడానికి దాని ముందు తరాన్ని చూడటం కంటె, అదే కంపెనీ బల్ల మీద దాని పక్కన ఏ వస్తువు ఎంతకుందో చూడటం మంచి పద్ధతి.

6. డబ్బంతా మెమరీలోనే

2019 మ్యాక్ ప్రోనే ఇంకొంచెం విప్పి చూద్దాం. అన్నిటికంటె పెద్ద 28 కోర్ల చిప్పు ఇంటెల్ పట్టికలో 7,453 డాలర్లు. 8 కోర్ల చిప్పు 749. తేడా 6,704. యాపిల్ అడిగింది 7,000. ఇది న్యాయంగానే ఉంది. కాని 32 గిగాబైట్ల నుంచి 1.5 టెరాబైట్లకి మెమరీ పెంచుకోవడానికి అడిగింది 25,000 డాలర్లు! 52,000 లో దాదాపు సగం.

అయితే ఆ యంత్రంలో ఒక వెసులుబాటు ఉండేది. మెమరీ ముక్కలని విప్పి మార్చుకోవచ్చు. తక్కువ మెమరీతో కొని, తరవాత బయటి దుకాణంలో కొనుక్కుని తగిలించుకోవచ్చు. యాపిల్ సొంత చిప్పుల యంత్రాలలో ఆ వీలు లేదు. మెమరీని చిప్పుతో కలిపే ఒకే పొదుగులో కూరుస్తారు. కొన్న రోజున ఎంత ఉంటే యంత్రం బతికినంత కాలం అంతే. 2023 మ్యాక్ ప్రోలో గరిష్ఠంగా 192 గిగాబైట్లు. 2025 మార్చిలో వచ్చిన ఎం3 అల్ట్రా మ్యాక్ స్టూడియో 3,999 డాలర్లకి మొదలయింది. దాన్ని 512 గిగాబైట్లతో తీసుకుంటే, తప్పనిసరిగా దానితో వచ్చే పెద్ద చిప్పుతో కలిపి, 9,499 డాలర్లు అయింది.

ఇంత మెమరీ ఎవరికి కావాలి? ఈమధ్య భాషా నమూనాలని సొంత యంత్రం మీద నడిపేవారికి. 70 బిలియన్ల అంకెలున్న నమూనాలో ఒక్కొక్క అంకెకి రెండు బైట్లు చొప్పున వేసుకుంటే 140 గిగాబైట్లు. అంకెలని కుదించి అర బైటుకి తెస్తే 35 గిగాబైట్లు. పుకార్లలో కోర్ల కంటె మెమరీ మాట ఎక్కువ వినబడటానికి కారణం ఇదే.

మెమరీ ధర ఏటేటా తగ్గుతుందన్న పాత నమ్మకం కూడా చెల్లదు. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నెలల్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. ఎన్‌విడియా కంపెనీ 128 గిగాబైట్ల మెమరీతో ఒక చిన్న యంత్రాన్ని 2025 జనవరిలో ప్రకటించినప్పుడు ధర 3,000 డాలర్ల నుంచి అంది. అక్టోబరులో డీజీఎక్స్ స్పార్క్ అన్న పేరుతో అమ్మకానికి వచ్చేసరికి అది 3,999 అయింది. వేదిక మీద చెప్పిన ధరే తొమ్మిది నెలల్లో మూడో వంతు పెరిగితే, పుకారులో చెప్పిన ధర సంగతి చెప్పేదేముంది?

7. గోడకున్న సాకెట్ చెప్పే నిజం

పుకారుని పరీక్షించడానికి ఇంకో చక్కటి ఉపాయం ఉంది. గోడ వైపు చూడండి. అమెరికాలో మామూలు ఇంటి సాకెట్ 120 వోల్టులు, 15 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 1,800 వాట్లు. గంటల తరబడి నడిచే వస్తువు ఇందులో 80 శాతమే వాడాలని నియమం. అంటే 1,440 వాట్లు. 2019 మ్యాక్ ప్రోలోని పవర్ సప్లై 1.4 కిలోవాట్లు. ఆ హద్దుకి సరిగ్గా లోపల ఉంది.

ఇప్పుడొక ఊహా పుకారుని తీసుకుందాం. "96 కోర్ల చిప్పు, రెండు పెద్ద గ్రాఫిక్స్ కార్డులు, ధర 15,000 డాలర్లు" అన్నారనుకుందాం. ఏఎమ్‌డీ వారి 96 కోర్ల థ్రెడ్‌రిప్పర్ ప్రో (2023) 350 వాట్లు. ఎన్‌విడియా వారి 96 గిగాబైట్ల వర్క్‌స్టేషన్ కార్డు (2025) ఒక్కొక్కటి 600 వాట్లు. మొత్తం 1,550 వాట్లు. మన సాకెట్ హద్దు దాటిపోయింది. కనుక ఆ యంత్రం అలాగే ఇంట్లోకి రాదు. అదే కార్డుని 300 వాట్లకి తగ్గించి అమ్మే రకం ఉంది. బహుశా అది వేస్తారు. అప్పుడు 950 వాట్లు, కుదురుతుంది.

మరి ధర? ఆ చిప్పు ఒక్కటే విడుదల ధర 9,999 డాలర్లు. ఆ కార్డులు 2025 లో ఒక్కొక్కటి సుమారు 8 వేలు. రెండు కార్డులూ, చిప్పూ కలిపి 26 వేలు. ఇంకా మెమరీ కొననే లేదు! 15,000 అన్న పుకారుని ఇక్కడే చెత్తబుట్టలో వెయ్యొచ్చు. ఇందాక అనుకున్న అడుగు హద్దు ఉపయోగం ఇదే.

8. బిల్లు మీద పడే చివరి అంకె

అమెరికాలో ప్రకటించే ధరలో అమ్మకపు పన్ను ఉండదు. కాలిఫోర్నియాలో కనీసం 7.25 శాతం. 5,999 డాలర్ల యంత్రం మీద 435 డాలర్లు. ఊరిని బట్టి ఇంకా ఎక్కువ.

ఇండియాలో ఉన్న తమ్ముడో స్నేహితుడో "అక్కడ ఎంత, ఇక్కడ ఎంత?" అని అడుగుతూ ఉంటారు. 2023 మ్యాక్ ప్రో అమెరికాలో 6,999 డాలర్లు, ఇండియాలో 7,29,900 రూపాయలు. డాలరుకి 82 రూపాయలు చొప్పున 6,999 డాలర్లంటే సుమారు 5 లక్షల 74 వేలు. తేడా చూసి దోపిడీ అనుకోకండి. ఇండియా ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. అది వేస్తే సుమారు 6 లక్షల 77 వేలు. అసలు తేడా యాభై వేల పైచిలుకు మాత్రమే.

9. అయితే ఆగాలా, కొనాలా?

పైన చెప్పినదంతా గుర్తు పెట్టుకోవడానికి వీలుగా కుదించి చెబుతాను.

ఒకటి, ఏ చిప్పు అన్న మాటని చిప్పుల కంపెనీ పట్టికతో సరిపోల్చండి. సరిపోతే నమ్మొచ్చు. రెండు, తేదీనీ వేగాన్నీ నమ్మకండి. మూడు, భాగాల కూడిక కంటె తక్కువ ధర చెప్పిన పుకారుని వదిలెయ్యండి. నాలుగు, పాత యంత్రం ధర కాదు, అదే కంపెనీ ఇప్పుడు అమ్ముతున్న పక్క యంత్రం ధర చూడండి. ఐదు, మొదలు ధర మీ ధర కాదు. మీ పనికి కావలసిన మెమరీ వేసి, పన్ను కలిపాక వచ్చినదే మీ ధర.

ఇక ఆగడం సంగతి. ఆగడానికి కూడా ఖరీదుంది, దాన్ని కూడా డాలర్లలోనే లెక్క కట్టండి. కొత్త యంత్రం వల్ల మీకు వారానికి ఐదు గంటలు మిగిలి, మీ గంట విలువ 40 డాలర్లు అయితే, నెలకి దాదాపు 800 డాలర్లు. ఆరు నెలలు ఆగితే 4,800. తరవాతి తరంలో ఎంత తగ్గింపు వచ్చినా అంత రాదు. మీ దగ్గర పని ఉండి, పాత యంత్రం ఆ పనికి అడ్డం పడుతూ ఉంటే, దుకాణంలో ఉన్నది కొనుక్కోండి. పని ఇంకా చేతికి రాకపోతే, పుకార్లు చదువుతూ హాయిగా ఆగండి. చదవడానికి డబ్బక్కరలేదు.